పాండిత్యం పక్కనపెట్టి పాదాలు పట్టిన పురుషోత్తమ చౌదరి

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం లేని తెలుగు క్రైస్తవ కుటుంబం మన బరంపురం ప్రాంతంలో అరుదు. అందులో చాలా కీర్తనల దగ్గర పురుషోత్తమ చౌదరి పేరు కనిపిస్తుంది. పాట నోటికి వచ్చినా, ఆయన మన గంజాం నేల మీద పుట్టినవారన్న సంగతి మనం తరచు మరిచిపోతాం.

ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో జన్మించారు. నేడు గజపతి జిల్లాలో ఉన్న పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. వారిది వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం. ఇంట్లో వైష్ణవ భక్తి, చుట్టూ ఒడియా, తెలుగు. తరతరాలుగా ఒడియా సీమలో తెలుగును కాపాడుకుంటున్న మనకు ఇది కొత్త కథేమీ కాదు. వలస వచ్చిన ఇంటి బిడ్డ తెలుగును సొంతం చేసుకుని, ఆ భాషలోనే కవి అయ్యారు.

కులం, చదువు, కవిత్వం అన్నీ ఉన్న యువకుడికి గర్వపడటానికి కారణాలు తక్కువేమీ లేవు. అయినా మోక్షం గురించిన ప్రశ్న ఆయనను వదలలేదు. తెలుగులో అచ్చయిన క్రైస్తవ పుస్తకాలు చదివారు, ఆలోచించారు. 1833లో కటకం వెళ్లి బాప్తిస్మం తీసుకున్నారు. 1822 నుంచి అక్కడ ఇంగ్లీషు జనరల్ బాప్టిస్టు మిషనరీలు పనిచేస్తున్నారు. ఆ రోజుల్లో బ్రాహ్మణుడు బాప్తిస్మం పొందడమంటే పంక్తి భోజనం, బంధుత్వం, గౌరవం అన్నీ పోగొట్టుకోవడమే. పుట్టుక ఇచ్చిన పెద్దరికాన్ని ఆయన చేతులారా వదులుకున్నారు.

తర్వాతి జీవితమంతా సువార్త ప్రచారమే. కులాచార పరీక్ష వంటి పుస్తకాల్లో వాదించారు. యేసు నాయక శతకం రాశారు. కానీ ఆయనను నిలబెట్టింది వాదం కాదు, కీర్తన. రాగతాళాలతో, మన పెద్దలకు అలవాటైన బాణీలో పాటలు కట్టారు. త్రాహిమాం క్రీస్తు నాథ అనే కీర్తననే చూడండి. శాస్త్రం తెలిసిన మనిషి అందులో తన చదువును చెప్పుకోలేదు. దిక్కులేనివాడిలా ప్రభువు పాదాల దగ్గర చేరాడు. చిన్ననాటి వైష్ణవ భక్తిలో విన్న శరణాగతి మాటలే ఇక్కడ క్రీస్తు వైపు తిరిగాయి.

బైబిలులో పేతురు కథ మనకు తెలుసు. అందరూ విడిచినా నేను విడవనన్నవాడే, కోడి కూయకముందే మూడుసార్లు ఆయన ఎవరో తెలియదన్నాడు. పేతురు ప్రేమ అబద్ధం కాదు. తన బలం మీద నమ్మకం ఎక్కువైంది, అంతే. చాలాకాలంగా విశ్వాసంలో ఉన్న మన కుటుంబాలకు ఈ ప్రమాదమే ఎక్కువ. తాతల కాలం నుంచి చర్చి సభ్యులం, సంఘంలో పెద్దలం అనే మాట మెల్లగా ప్రార్థన స్థానాన్ని ఆక్రమిస్తుంది.

అలాగని దేవుని మీద ఆధారపడటం చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. అంతకుముందే లక్షలాది మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. నా ఇల్లు గట్టిది, నాకేం కాదనుకోవడం అతివిశ్వాసం. హెచ్చరిక విని పిల్లలతో షెల్టరుకు చేరి, అక్కడ ప్రార్థించడం వినయం. చౌదరి గారు కూడా శరణు అని పాడి ఊరుకోలేదు. ఊరూరా తిరిగి పనిచేశారు.

ఆయన 1890లో కన్నుమూశారు. వాద గ్రంథాలు నేడు చదివేవారు తక్కువ. శరణు వేడిన పాటలు మాత్రం పెళ్లిలో, మరణంలో, ఆదివారం ఉదయాన మన గొంతుల్లో ఉన్నాయి. ఒడియా, ఇంగ్లీషు బడుల్లో చదివే మన పిల్లలకు ఈ కీర్తనలు నేర్పుదాం. తెలుగుతోపాటు తల వంచడం కూడా నేర్చుకుంటారు.