డేమియను పాదిరి చరిత్రము

దుఃఖితులను దూరమున నిలిచి ఓదార్చుట సులభము. వారి చెంత గూర్చుండి, పుండ్లు కడిగి, వారి భారమును తన భారముగ మోయుట దుర్లభము. ఈ దుర్లభకార్యమును ఇంచుమించు పదునారు సంవత్సరములు ఆచరించి చూపిన మహనీయుని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగ నివేదించుచున్నాము.

జోసెఫ్ డి వూస్టరు 1840వ సంవత్సరము జనవరి 3వ తేదీన బెల్జియము దేశమందలి ట్రెమెలో గ్రామమున జన్మించెను. 1859లో సన్న్యాసి మండలిలో జేరి డేమియను అను నామము ధరించెను. హవాయి ద్వీపములకు బోవలసిన యన్నగారు జ్వరపీడితుడు కాగా, ఆయనకు మారుగ తాను బయలుదేరి, 1864 మార్చి నెలలో హొనలూలు చేరి, మే నెలలో గురుపట్టము బొందెను.

హవాయి ప్రభుత్వమువారు 1865లో శాసనము చేసి, మరుసటి యేటినుండి కుష్ఠరోగులను మొలొకాయి ద్వీపమునకు పంపుచుండిరి. ఆ స్థలమునకు మూడు వైపుల సముద్రము. నాలుగవ వైపున సుమారు 2,000 అడుగుల యెత్తుగల కొండ. ఎందరో తల్లులు బిడ్డలను, బిడ్డలు తల్లులను ఎడబాసి, బ్రదికియుండగనే మృతులవలె నచటికి జేరుచుండిరి. వారిని కనిపెట్టుటకు నలుగురు పాదిరులు వంతులవారిగ పోవ నంగీకరించిరి. మొదటి వంతు డేమియనుది. 1873 మే 10వ తేదీన ఆరంభమైన యా వంతు ఆయన మరణముతోగాని ముగియలేదు.

మొదటి దినములలో నాయనకు మొగలిజాతి చెట్టు నీడయే గృహము. పిమ్మట రోగులతో గలిసి యిండ్లు గట్టెను, నీటిగొట్టములు వేయించెను, అనాథబాలురను జేరదీసెను. స్వహస్తములతో శవపేటికలు చేసి, గోతులు త్రవ్వి, దిక్కులేనివారిని గౌరవముతో నిక్షేపించెను. పుండ్ల దుర్గంధము నోర్వలేక పొగత్రాగుట నలవరచుకొనెనేగాని, ఆ పుండ్లకు కట్లు గట్టుట మానలేదు. ఆయన మొండి స్వభావము గలవాడనియు, పెద్దలతో తరచు వాదించువాడనియు చరిత్రకారులు వ్రాసియున్నారు. ఆ వాదములలో పెక్కు రోగుల కవసరమైన వస్తువులకొరకే.

ఆయన ధర్మోపన్యాసములందు రోగులను మీరు అని సంబోధింపక, తన్నును వారిలో జేర్చి, కుష్ఠరోగులమైన మనము అనుట మొదటి సంవత్సరమునుండియే యలవాటు. మన భాషలో మేము వేరు, మనము వేరు. మేమన్నచో నెదుటివాడు వెలియగును, మనమన్నచో లోపలివాడగును. 1884లో కాలిపై మరిగిన నీరు పడినను నొప్పి తెలియకపోగా, తనకును వ్యాధి సంక్రమించెనని యాయన గ్రహించెను. నాటినుండి ఆ మాట యక్షరాల నిజమాయెను. అయినను పని విడువక, 1889 ఏప్రిల్ 15వ తేదీన, నలువది తొమ్మిదవ యేట, తన ప్రజల నడుమ పరమపదించెను.

డేమియను మొలొకాయి చేరిన 1873లోనే నార్వేదేశ వైద్యుడు హాన్సెను ఈ వ్యాధికి గారణమైన సూక్ష్మక్రిమిని గనుగొనెను. నేడు మందులచే నిది పూర్తిగ నయమగుచున్నది. అట్లయ్యు, పూర్వజన్మ పాపఫలమని రోగిని వెలివేయు దురాచారము మన దేశమున సమూలముగ నశింపలేదు. బాధపడువానిని నేరస్థునిగ జూచుట యోదార్పు గాదు, రెండవ గాయము.

క్రీస్తు కుష్ఠరోగిని చేయిచాచి ముట్టెనని సువార్తలు చెప్పుచున్నవి. అవతారవాదము బ్రాహ్మమతస్థులమైన మాకు సమ్మతము గాదు. కాని యా స్పర్శయందలి సత్యము మాకు శిరోధార్యము. ఏకేశ్వరుని పితగ నెంచువారికి రోగి సహోదరుడు గాక మరేమగును? చదువరులారా, మీ వీథిలో నెవ్వరును దరిజేరని గృహ మొకటి యుండవచ్చును. ఉపదేశమునకు ముందు అచట కొంతసేపు కూర్చుండి రండు.