శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

మన ములకనాటి వారి పేరును దేశమెల్ల నెరుంగునట్లు చేసిన మహనీయులలో శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు అగ్రగణ్యులు. గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము వీరి పూర్వుల గ్రామము. ఆ కుటుంబము మైసూరు సీమకు తరలిపోగా, వీరు ముద్దేనహళ్లిలో జన్మించిరి. బాల్యముననే పితృవియోగము కలిగినను, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు విద్య సాగించి, 1883లో పూనాలో ఇంజనీరు పట్టము పొందిరి.

వీరి జీవితమున హైదరాబాదు ఘట్టము ముఖ్యముగా స్మరింపదగినది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి, వేలకొలది ప్రాణములను హరించెను. ఇండ్లు కూలెను, వంతెనలు దెబ్బతినెను. నిజాము ప్రభువు ఆహ్వానముపై మరుసటి యేడు విశ్వేశ్వరయ్యగారు వచ్చి, వర్షపు లెక్కలను, నదీ పరీవాహమును శోధించిరి. ఎగువనున్న 788 చెరువులలో 221 తెగి, ఒకదాని నీరు మరియొకదానిపై బడుటచే వరద ఇంతటి ఉగ్రరూపము దాల్చెనని తేల్చిరి. నగరమున గోడలు కట్టినంతమాత్రమున చాలదనియు, ఎగువననే నీటిని నిలిపి, నదీగర్భము భరింపగలిగినంత మాత్రమే విడువవలెననియు వీరి సిద్ధాంతము. నగరములోని గట్లను ఎత్తుచేసి దృఢపరుపవలెననియు సూచించిరి. ఆ యోచన ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. వరదను ఆపిన ఆ నీరే నగరమునకు త్రాగునీరయ్యెను.

1912 మొదలు 1918 వరకు మైసూరు దివానుగా నుండి, 1955లో భారతరత్న బిరుదము నంది, 1962లో కీర్తిశేషులైరి. దివాను పదవి స్వీకరించునపుడు, బంధువులెవ్వరును తమకై సిఫారసు కోరరాదని ముందుగనే నియమము పెట్టిరని ప్రసిద్ధి. స్వజనాభిమానము గల మన సభలు ఈ విషయమును మరువరాదు.

మల్కాపురవాసులగు మనవారికి ఈ చరిత్రము దూరపు కథ కాదు. మేఘాద్రిగెడ్డ నౌకాశ్రయపు పాయలోనికి దిగు తావునకు చేరువనే మన నివాసములు, కర్మాగారములు నున్నవి. కొండనీరు వేగముగ దిగివచ్చు నిట్టి చోట గెడ్డ గర్భమును పూడ్చినను, గట్ల నాక్రమించినను ఫలము మనమే అనుభవింపవలెను. 2020 అక్టోబరులో హైదరాబాదున చెరువు తెగి పేటలు మునిగినపుడు, 1908 నాటి పాఠమును జనులు విస్మరించిరని విదితమయ్యెను.

కావున పోషకులు వీరి పేరిట పటములు పెట్టుటతో తృప్తి చెందక, ఇంజనీరు విద్య నభ్యసించు బీద బాలబాలికలకు తోడ్పడవలెననియు, సభ్యులు తమ ముంగిటి కాలువలను కాపాడుకొనవలెననియు మేము సవినయముగ కోరుచున్నాము. అదియే ఆ మహనీయునకు మనము సమర్పింపదగిన పూజ.