మహానటి సావిత్రి

సహజ ప్రతిభకు నిరంతర సాధన తోడైనప్పుడే కళ పరిపూర్ణతను పొందుతుంది. ఈ సత్యానికి నిలువెత్తు నిదర్శనం సావిత్రి జీవితం.

సావిత్రి గుంటూరు జిల్లా చిర్రావూరు గ్రామంలో నిశ్శంకర గురవయ్య, సుభద్రమ్మ దంపతులకు జన్మించింది. పసితనంలోనే తండ్రిని కోల్పోయి, విజయవాడలో పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య సంరక్షణలో పెరిగింది. బాల్యంలోనే నృత్యం అభ్యసించి, నాటకాలలో వేషాలు ధరించింది.

చిత్రరంగం ఆమెను వెంటనే ఆదరించలేదు. ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో 1950లో వెలువడిన ‘సంసారం’ చిత్రంలో నాయిక పాత్ర అందినట్లే అంది చేజారింది. ప్రముఖ నటుని ఎదుట సంభాషణ పలకలేక తడబడిన ఆ బాలికకు చివరకు చిన్న వేషమే దక్కింది. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లోనూ ఆమె ఒక నృత్య సన్నివేశానికే పరిమితమైంది. అయినా ఆమె నిరాశ చెందలేదు. 1953లో ‘దేవదాసు’ చిత్రంలోని పార్వతి పాత్ర ఆమెను ప్రేక్షక హృదయాలకు చేరువ చేసింది. ‘మిస్సమ్మ’ చిత్రానికి తొలుత ఎంపికైన భానుమతి తప్పుకోవడంతో, రెండవ నాయికగా ఉన్న సావిత్రికి ప్రధాన పాత్ర లభించింది. 1955లో విడుదలైన ఆ చిత్రానికి దర్శకుడు ఎల్.వి.ప్రసాదే కావడం విశేషం.

ఆంగిక, వాచిక, సాత్త్వికాభినయాలు మూడింటిలోనూ ఆమె ఆరితేరింది. 1957 నాటి ‘మాయాబజార్’లో శశిరేఖ రూపం దాల్చిన ఘటోత్కచునిగా ఆమె చూపిన నటన అపూర్వం. సుకుమారమైన స్త్రీరూపంలో రాక్షసుని ఠీవిని, గర్వాన్ని నడకతో, కనుబొమల కదలికతో స్ఫురింపజేసింది. ‘నర్తనశాల’, ‘మూగమనసులు’ మొదలైన చిత్రాలలో ఆమె పాత్రలు నేటికీ సజీవాలు. తమిళ చిత్రసీమలోనూ ఆమె అగ్రతారగా వెలుగొందింది.

ఆమె దానశీలి. 1965 యుద్ధకాలంలో తన నగలను దేశరక్షణ నిధికి సమర్పించింది. 1968లో ‘చిన్నారి పాపలు’ చిత్రానికి దర్శకత్వం వహించి, పలు సాంకేతిక శాఖలను స్త్రీలకే అప్పగించింది. ఆ సాహసం ప్రశంసలు పొందినా, ఆర్థికంగా నష్టమే మిగిల్చింది. నటుడు జెమినీ గణేశన్‌తో సాగిన దాంపత్యంలో ఏర్పడిన ఎడబాటు, కరిగిపోయిన సంపద, మద్యపానం ఆమె ఆరోగ్యాన్ని హరించాయి. 1980లో స్పృహ కోల్పోయిన సావిత్రి సుమారు 19 నెలలు అదే స్థితిలో ఉండి, 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూసింది.

2011లో భారత తపాలాశాఖ ఆమె స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది. 2018లో ఆమె జీవితం ‘మహానటి’ పేరిట చలనచిత్రంగా రూపొందింది. ఇతరులకు పెట్టిన చేయి తనకై దాచుకోవడం మరచింది. కాని ఆమె కూడబెట్టిన కళాసంపద మాత్రం తరగనిది.