బండి విప్పి చదువు నేర్చిన జి.డి. నాయుడు



వార్షికోత్సవ సంచిక అనగానే మహనీయుల జీవితాలు రాయడం మనకు ఆనవాయితీ. అంబేద్కర్, ఫూలే, అబ్దుల్ కలాం జీవితాలు మనం పాఠాల్లోనే చదువుకున్నాం. ఈసారి మన పాఠాల్లో అంతగా కనిపించని ఒక తెలుగింటి మనిషి గురించి రాయాలనుకున్నాం. ఆయన ప్రాథమిక తరగతుల్లోనే బడి మానేశారు. ఒక మోటార్ సైకిల్‌ను పూర్తిగా విప్పి, మళ్లీ బిగించడంతో ఆయన అసలు చదువు మొదలైంది. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. అందరూ జి.డి. నాయుడు అంటారు.

జి.డి. నాయుడు 1893 మార్చి 23న తమిళనాడులోని కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. కొన్ని వందల ఏళ్ల కింద తెలుగు నేల నుంచి వలసపోయి, ఆ ప్రాంతంలో వ్యవసాయం చేసుకుంటూ స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆయనది అలాంటి రైతు కుటుంబమే. చిన్నప్పుడు బడిలో కుదురుగా కూర్చోలేదు. పంతుళ్ల మీద ఇసుక చల్లి పారిపోయేవారట. చివరకు బడి వదిలి తండ్రి పొలంలో పనికి దిగారు.

ఒకరోజు ఆ ఊరికి ఒక తెల్ల రెవెన్యూ అధికారి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. అది ఇంగ్లాండులో తయారైన రడ్జ్ కంపెనీ బండి, 1912 నాటిది. ఎద్దుబండ్లు, గుర్రపు బండ్లు తప్ప మరొకటి తెలియని పల్లెలో, ఏ జంతువూ లాగకుండా తనంతట తాను ఉరికే బండిని చూసి ఆ యువకుని మనసు దాని మీదే నిలిచిపోయింది. అలాంటి బండి కొనాలంటే డబ్బు కావాలి. ఇల్లు విడిచి కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్‌లో సర్వర్‌గా చేరారు. కాఫీలు అందిస్తూ, బల్లలు తుడుస్తూ కొన్నేళ్లు పైసా పైసా కూడబెట్టి ఆ బండి కొన్నారు.

ఎవరైనా అయితే ఊరంతా తిరిగి గొప్పలు చెప్పుకునేవారు. ఆయన మాత్రం ఆ బండిని నట్టు నట్టు విప్పారు. అప్పటి బళ్లు ఇప్పటివాటిలాంటివి కావు. బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే వసతి లేదు. చాలా బళ్లకు గొలుసుకు బదులు బెల్టు ఉండేది. వానలో తడిస్తే అది జారిపోయేది. ఇంజన్‌కు ఆయిల్ తనంతట తాను అందేది కాదు. బండి నడుపుతూనే చేతి పంపుతో కొట్టాలి. ముందు దీపం కార్బైడ్ గ్యాస్‌తో వెలిగేది. బ్యాటరీ లేకుండానే ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటో అనే భాగం మరీ సున్నితమైనది.

ఇలాంటి బండిని విప్పడం ఎవరికైనా సాధ్యమే. బిగించడంలోనే అసలు విద్య ఉంది. ఏ బోల్టు ఎక్కడిది, ఏ వాషర్ ముందు పడాలి, పిస్టన్ ఎంత పైకి వచ్చినప్పుడు నిప్పురవ్వ రావాలి, ఇవన్నీ తెలియాలి. ఒక్కటి తప్పినా బండి కదలదు. ఆయనకు నేర్పే గురువు లేడు. తప్పు చేస్తే బండి పలకదు, సరిగ్గా చేస్తే పలుకుతుంది. ఆ బండే ఆయనకు పంతులు, అదే పరీక్ష. అలా ఆయన మెకానిక్ అయ్యారు.

ఆ తర్వాత ఆయన జీవితం సాఫీగా ఏమీ సాగలేదు. తిరుప్పూరులో పత్తి వ్యాపారం చేసి బాగా సంపాదించారు. ఆ డబ్బుతో బొంబాయి వెళ్లి పెద్ద వ్యాపారంలో చెయ్యి పెట్టి నష్టపోయారు. తిరిగి వచ్చి 1920లో, కోయంబత్తూరులోని ఇంగ్లీషు వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ సాయంతో ఒక బస్సు కొన్నారు. పొల్లాచ్చి నుంచి పళని వరకు దాన్ని స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సే యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణా సంస్థగా ఎదిగింది. పదిహేనేళ్లు తిరగకముందే ఆ సంస్థకు రెండు వందలకు పైగా బస్సులయ్యాయి.

1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి కోయంబత్తూరు పీలమేడులోని తమ నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో కరెంటు మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. ఆ తర్వాత ఆ పట్టణం మోటార్లకు, పంపులకు పెట్టింది పేరైంది. మన బావుల కాడ, బోర్ల కాడ కోయంబత్తూరు మోటారు అంటే తెలియని రైతు ఉండడు. ఆ పేరు వెనుక ఇలాంటి మనుషుల కష్టం ఉంది.

బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకునే రేజర్, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పండ్ల రసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం ఆయన చేతుల్లో రూపుదిద్దుకున్నాయి. పత్తి, మొక్కజొన్న, బొప్పాయిల మీద కూడా ప్రయోగాలు చేశారు. 1952లో రెండు వేల రూపాయలకే ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేశారు. ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వకపోవడంతో ఆ కారు తయారీ ఆగిపోయింది. తెలివి ఉన్నా, చెయ్యి తిరిగినా, ఒక కాగితం రాకపోతే పని ఆగిపోతుందని ఆ కారు కథ చెబుతుంది.

జి.డి. నాయుడు కథ చెప్పి, బడి మానేసినా గొప్పవాళ్లు కావచ్చని కొందరు అంటుంటారు. మేము దీన్ని ఒప్పుకోము. బడి మానేసిన రోజు ఆయనకు తండ్రి పొలం ఉంది. నష్టపోయిన రోజు నమ్మి సాయం చేసే స్టేన్స్ ఉన్నాడు. మన హాస్టల్‌లో ఉండేది కూలి చేసే, మగ్గం నేసే, తాడు ఎక్కే తల్లిదండ్రుల పిల్లలు. మనం బడి మానేస్తే వెనక్కి వెళ్లడానికి పొలం లేదు, బ్యాంకులో మాట చెల్లదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా మొదట చూసింది మేమే కాబట్టి దాని విలువ మాకు తెలుసు.

ఆయన కూడా చదువుకు వ్యతిరేకి కాదు. కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీలు రావడానికి డబ్బు, శ్రమ ధారపోశారు. ఆ ఇంజనీరింగ్ కాలేజీయే ఇప్పుడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నడుస్తున్నది. 1945లో దానికి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. నాలుగేళ్ల కోర్సును రెండేళ్లలోనే నేర్పవచ్చని వాదించారు. ప్రభుత్వం వినకపోతే పదవి వదిలేశారు. బడి మానేసిన మనిషి ఇంజనీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ కావడం చిన్న సంగతి కాదు. చేతికి పని రాని చదువంటేనే ఆయనకు పడదు.

ఈ మాట మనకు బాగా వర్తిస్తుంది. మన ఇళ్లల్లో ఒకరు బడికి వస్తే మరొకరు మెకానిక్ షెడ్డుకు పోతారు. బడికి వచ్చినవాడికి మర్యాద, షెడ్డుకు పోయినవాడికి చిన్నచూపు. కానీ ఇంజన్ బొమ్మ చక్కగా గీసి పది మార్కులు తెచ్చుకున్న వాడికి అసలు పిస్టన్ చేతికిస్తే ఏది పైవైపో తెలియకపోవచ్చు. షెడ్డులో ఉన్న తమ్ముడు శబ్దం విని రోగం చెబుతాడు. ఎందుకలా జరుగుతుందో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. ఇద్దరి దగ్గరా సగం సగం చదువే ఉంది.

ఇప్పుడు పాత బళ్లకు మళ్లీ గిరాకీ వచ్చింది. మైసూరులో 1996లో ఫ్యాక్టరీ మూతపడిన యెజ్డీ బళ్లను, పాత రాజ్‌దూత్‌లను, బుల్లెట్లను వెతికి కొని, తుప్పు గీకి, దొరకని భాగాలను లేత్ మీద చేయించి కొత్తవాటిలా నిలబెట్టేవాళ్లు ఉన్నారు. ఆ పని చేసేవాళ్లకు మంచి కూలి గిడుతున్నది. నాయుడు ఆనాడు ఒంటరిగా నేర్చిన విద్య ఇప్పుడు ఒక వృత్తి. పదో తరగతి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పాలిసెట్ రాసి డిప్లొమాకు పోవచ్చు, ఐ.టి.ఐ.లో చేరవచ్చు. సెలవుల్లో మన కొడకండ్లలోనే ఒక షెడ్డులో కూర్చుని పానాలు అందించినా ఎంతో నేర్చుకోవచ్చు. అలాగే మీరు చదివిన పాఠం షెడ్డులోని అన్నకు చెప్పండి.

జి.డి. నాయుడు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన పేరిట ప్రదర్శనశాల ఉంది. 2015లో అక్కడ పాత కార్ల మ్యూజియం కూడా తెరిచారు. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన పది కిలోమీటర్ల పై వంతెనకు ఆయన పేరే పెట్టారు. దాని మీద రోజూ వేల మోటార్ సైకిళ్లు పోతుంటాయి. ఏ బండి ఎలా నడుస్తుందో తెలుసుకోవాలనే ఆశ మనలో ఒక్కరికి పుట్టినా, ఈ సంచికలో ఈ నాలుగు పేజీలు రాసినందుకు మాకు అదే చాలు.