మర్రి నీడన పచ్చబడిన లోయ
- రిషివ్యాలీకి స్థలం ఎంచిన జిడ్డు కృష్ణమూర్తి
- కరవు నేలలో చెట్టు, నీరు, పక్షి మధ్య తిరిగి కుదిరిన బంధం

బి.కొత్తకోట: హార్సిలీహిల్స్ పరిసరాల్లోని గుట్టలు చాలావరకు రాళ్లు తేలి, ముళ్లపొదలతో కనిపిస్తాయి. ఏటా కురిసే కొద్దిపాటి వాన వాటిపై నిలవక వాగుల్లో కలిసిపోతుంది. ఆ గుట్టల నడుమే, పొరుగున ఉన్న కురబలకోట మండలంలో, రిషివ్యాలీ పచ్చని తోపులతో అలరారుతోంది. ఈ లోయ కూడా ఒకప్పుడు బీడే. అక్కడ విద్యాలయం స్థాపించాలని సంకల్పించిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఈ ప్రాంత బిడ్డే.

చీమల బారులు చూసిన బాల్యం

కృష్ణమూర్తి 1895 మేలో మదనపల్లెలో జన్మించారు. అప్పట్లో ఈ పట్టణం కడప జిల్లాలో ఉండేది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి, తల్లి సంజీవమ్మ. ఎనిమిదో సంతానం కావడంతో కృష్ణుని పేరు పెట్టారు. చిన్ననాట మలేరియా ఆయనను పదేపదే పీడించింది. చదువులో వెనుకబడ్డాడని బడిలో దెబ్బలు తిన్నారు. అయితే చీమలను, పురుగులను, మబ్బులను గంటల తరబడి నిశ్చలంగా చూస్తూ ఉండిపోవడం ఆ బాలుని స్వభావం. మందమతి అని పెద్దలు భావించిన ఆ బాలునిలో లోతైన పరిశీలనాశక్తి దాగి ఉంది.

1905లో తల్లి మరణించారు. 1909లో కుటుంబం మద్రాసులోని అడయారుకు చేరింది. అక్కడి దివ్యజ్ఞాన సమాజం పెద్దలు ఆయనను రాబోయే జగద్గురువుగా భావించి అనీబిసెంట్ సంరక్షణలో పెంచారు. 1911లో ఆయన అధిపతిగా ఒక సంఘం ఏర్పాటైంది. 1925 నవంబరులో తమ్ముడు నిత్యానంద క్షయవ్యాధితో అమెరికాలోని ఓహైలో కన్నుమూయడం ఆయనను కలచివేసింది. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో ఆ సంఘాన్ని ఆయన స్వయంగా రద్దు చేశారు. దానికి వచ్చిన కోటను, భూములను దాతకు తిరిగి ఇచ్చేశారు.

మర్రిచెట్టే ఆనవాలు

అంతకు కొన్నేళ్ల ముందు, 1925-26 ప్రాంతంలో, విద్యాలయానికి తగిన చోటు కోసం కృష్ణమూర్తి మదనపల్లె పరిసరాల్లో అన్వేషించారు. తెట్టు గ్రామం సమీపాన ఊడలు దిగిన మహా మర్రివృక్షం ఉన్న లోయ ఆయనను ఆకర్షించింది. సహచరులు భూములు సేకరించారు. 1931లో అక్కడ పాఠశాల కార్యకలాపాలు మొదలయ్యాయి.

మర్రిచెట్టు ఒక్కటే అయినా దాని ఆశ్రయంలో బతికే ప్రాణులు అనేకం. మర్రిపండు లోపలే దాని పూలు దాగి ఉంటాయి. వాటికి పరాగసంపర్కం జరపగలిగేది కందిరీగ జాతికి చెందిన ఒక సూక్ష్మ కీటకం మాత్రమే. ఆ కీటకం గుడ్లు పెట్టేదీ ఆ కాయలోనే. ఒకటి లేకుంటే రెండోదానికి వంశం నిలవదు. పండిన పండ్లను గోరింకలు, పికిలిపిట్టలు, గబ్బిలాలు తిని, రెట్టల ద్వారా విత్తనాలను దూరప్రాంతాలకు చేరుస్తాయి.

నేల కోలుకున్న తీరు

చెట్లను వంటచెరకుకు నరికి, గుట్టలను ఎడతెగక మేపితే నేల గట్టిపడి వాననీరు ఇంకదు. పైమన్ను కొట్టుకుపోతుంది. కింది బావులు ఎండిపోతాయి. రిషివ్యాలీలో ఈ వరుసను తిరగదోడే యత్నం దశాబ్దాల పాటు సాగింది. ఉపాధ్యాయులు, విద్యార్థులు, స్థానికులు చెట్లు నాటారు. వాగులకు అడ్డుకట్టలు, ఊటకుంటలు కట్టారు.

అటువంటి నేలలో రాలిన ఆకును చెదలు, వానపాములు, బూజులు ఎరువుగా మారుస్తాయి. గుల్లబారిన మన్ను నీటిని పీల్చుకుంటుంది. పొదలు పెరిగితే పురుగులు, వాటిని తినే పక్షులు చేరతాయి. పండ్లు తిన్న పక్షులు మనిషి నాటని చోట్ల సైతం విత్తులు చల్లుతాయి. ఇలా లోయలో 200కు పైగా పక్షిజాతులు నమోదయ్యాయి. 1991లో ఈ లోయ పక్షుల సంరక్షణ ప్రాంతంగా గుర్తింపు పొందింది.

బోధనలోనూ అదే బంధం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓహైలో ఉన్న కృష్ణమూర్తి ఆవును, కోళ్లను, తేనెటీగలను సాకుతూ కూరగాయలు పండించారు. 1947లో భారతదేశానికి తిరిగివచ్చాక దాదాపు ఏటా శీతాకాలంలో ఇక్కడ ప్రసంగాలు చేసేవారు. జీవితమంటే సంబంధమేనని, మనిషి ప్రకృతికి వెలుపలివాడు కాడని ఆయన బోధనల సారాంశం. చెట్టును పేరుతో, ప్రయోజనంతో కొలవక నిండుగా చూడడం విద్యలో భాగం కావాలని ఆశించారు. లోయలోని ప్రతి చెట్టూ ఆయన నాటింది కాదు. ఆ చూపును మాత్రం ఆయనే నేర్పారు. 1985 చివర్లో ఆఖరిసారి రిషివ్యాలీకి వచ్చి వెళ్లిన ఆయన 1986 ఫిబ్రవరి 17న ఓహైలో 90 ఏళ్ల వయసులో తనువు చాలించారు.

రాతిగుట్టలే దాని ఇల్లు

దక్షిణ భారతానికే పరిమితమైన పసుపుగొంతు పికిలిపిట్ట హార్సిలీహిల్స్‌లోనూ, రిషివ్యాలీలోనూ కనిపిస్తుంది. అంతరించే ముప్పున్న జాతుల్లో ఇదొకటి. దట్టమైన అడవి దీనికి అవసరం లేదు. పొదలతో కూడిన రాతిగుట్టలే దీని నివాసం. బీడుగా, పనికిరానివిగా మనం తలచే గుట్టలు ఈ పిట్టకు ఇల్లు. గ్రానైటు కోసం అటువంటి గుట్టను పిండిచేస్తే పిట్టతో పాటు అది చల్లే విత్తనమూ పోతుంది, గుట్ట పట్టి ఉంచే నీరూ పోతుంది. ఒక మర్రిని చూసి ఆగిన మనిషి వల్ల ఒక లోయ పచ్చబడింది. మిగిలిన గుట్టలు కోలుకోవడానికీ, కరిగిపోవడానికీ వాటి చుట్టూ బతికే వారి చూపే కారణం కానుంది.