బడుల లెక్క తీయించిన మన్రో

కట్టడం పనిలో ముందు కొలతలు, ఆ తర్వాతే పునాది. బడుల విషయంలో సర్ థామస్ మన్రో చేసిందీ అదే. 1761లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టి, పద్దెనిమిదేళ్ళకే కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. 1800 నుంచి ఏడేళ్ళు దత్త మండలాల కలెక్టరుగా శిస్తు పనిమీద మన సీమంతా తిరిగాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు.

1822లో జిల్లా జిల్లాకూ బడులెన్ని, పిల్లలెందరు అని లెక్క తీయమన్నాడు. మద్రాసు రాజధాని మొత్తానికి 12,498 బడులు తేలాయి. సుమారు వెయ్యి మంది జనానికి ఒక బడి అన్నమాట. పంతులు సంపాదన నెలకు ఆరేడు రూపాయలు మించేది కాదు. కన్నవాళ్ళ పేదరికం, పంతులుకు గిట్టుబాటు లేకపోవడం, ఈ రెండూ చదువుకు అడ్డమని గ్రహించాడు. 1826లో జిల్లాకు రెండు, తాలూకాకు ఒకటి చొప్పున సర్కారు బడులు పెట్టాలని, పంతుళ్ళకు నెలకు 15, 9 రూపాయల చొప్పున జీతాలివ్వాలని ప్రతిపాదించాడు.

1827 జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. తర్వాత అజమాయిషీ సరిగా లేక తాలూకా బడులు నీరసించాయి, 1836లో ఎత్తేశారు. సీమ జనం మాత్రం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

పిస్కాటవే నుంచి ఊరి బడికి చందా పంపే మనం ఒకటి గుర్తుంచుకోవాలి. గది ఒకసారి కడితే నిలుస్తుంది. బడి నిలవాలంటే పంతులు జీతం ఏటేటా అందాలి, అడిగి చూసుకునే మనిషి ఒకరుండాలి.