రోగిని పనికి మళ్ళించిన వైజ్ఞానికుడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

దీర్ఘవ్యాధి మనిషి దేహాన్నే కాక అతని జీవనోపాధిని కూడా క్రుంగదీస్తుంది. రెక్కాడితే గాని డొక్కాడని ఇంటిలో జబ్బు పడటమంటే కూలి పోవడమే. ఈ కష్టాన్ని స్వయంగా ఎరిగి, తన విజ్ఞానంతో ఎందరినో తిరిగి పనిపాటలకు మళ్ళించిన మహనీయుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జీవితాన్ని మనము ఒకమారు స్మరించుకొనుట సముచితము.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేదరికం వలన చదువు ఒడిదుడుకులతో సాగింది. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని దక్కలేదు. సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యారు. తిన్న ఆహారాన్ని ప్రేగులు గ్రహించలేక రోగి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. కొంతకాలానికి అదే వ్యాధి సుబ్బారావునూ పట్టుకొంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకొన్నారు. అంతటితో ఆగక, లక్ష్మీపతి ఆయనకు మదరాసు ఆయుర్వేద కళాశాలలో బోధకునిగా పని చూపించారు. వైద్యంతోపాటు ఉపాధి కూడా లభించినందువలననే ఆ జీవితం నిలిచిందని మనము గ్రహించవలెను.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన సహాయంతో ఆయన అమెరికా చేరారు. బోస్టన్‌లో రాత్రివేళ ఆసుపత్రి సేవకునిగా పనిచేస్తూ హార్వర్డులో పరిశోధన సాగించారు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాలు పనిచేయుటకు శక్తినిచ్చే ఏటీపీని వెలికితీసిన వారిలోనూ వారిద్దరున్నారు. అయినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు.

1940లో లెడర్లీ సంస్థలో చేరిన పిదప ఆయన కృషి ఫలించింది. ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం, సోదరుని బలిగొన్న స్ప్రూకే ఔషధమైంది. 1947లో వెలువడిన డైఇథైల్ కార్బమజైన్ బోదకాలు క్రిములను హతమారుస్తుంది. ఆ బృందమే రూపొందించిన మెథోట్రెక్సేట్ నేడు కీళ్ళవాతంతో వ్రేళ్ళు కదపలేని వారికి మరల పనిముట్టు పట్టే శక్తినిస్తున్నది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో ఆయన అమెరికాలోనే కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రానే లేదు.

మన ఉత్తరాంధ్ర తీరానికి బోదకాలు తరతరాలుగా తెలిసిన వ్యాధి. మందు క్రిమిని చంపుతుంది గాని ముదిరిన వాపును పూర్తిగా తీయలేదు. ప్రతిదినం కాలు శుభ్రంగా కడిగి తుడుచుకొని, కూర్చున్నపుడు ఎత్తుగా ఉంచుకొంటే జ్వరాలు తగ్గి రోగి పనికి పోగలడు. అయితే అతనికి కూర్చుండి చేసే పని, జ్వరం వచ్చిన రోజున సెలవు ఎవరు ఇవ్వవలెను? అది ఔషధశాలలో దొరకదు. యజమాని మనస్సులో పుట్టవలెను.

మధురవాడలో చదువుకొనే మనలో కొందరు రేపు ఓడరేవులోనో, ఉక్కు కర్మాగారంలోనో నలుగురికి పని అప్పగించే స్థానంలో ఉంటారు. ఆ దినాన జబ్బు మనిషిని తొలగించుటకు ముందు, అతడు చేయగల పని ఏదో వెదకుదుము గాక. ఉబ్బసం వంటి జబ్బుతో తరగతులకు రాలేకపోయే విద్యార్థి హాజరు విషయంలో కళాశాల కమిటీ పెద్దలు కూడా ఇదే దృష్టి చూపవలెనని మా సవినయ మనవి. లక్ష్మీపతి నాడు ఒక రోగికి బోధకుని కుర్చీ చూపకుంటే, లోకానికి ఇన్ని ఔషధాలు ఇచ్చిన ఆ జీవితం ఏమై ఉండేదో మనము ఆలోచింపవలెను.